తాను మధ్యలో కత్తెర

పరదాల పిన్ని ఏ కిటికీనైనా గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి, ఎంత గుడ్డ పడుతుందో చెప్పేయగలదు. ఆ తర్వాత మెడలోని టేపు తీసి కొలిచినా ఆ మాట బెత్తెడు కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. గుడ్డ విషయంలో ఆమెది అంత నిక్కచ్చి లెక్క. ఏ తానులో ఎంత మిగిలింది, ఏ రంగు ఎండకు వెలుస్తుంది, ఏ ఇంటావిడ బేరమాడి కొంటుంది, ఏ ఇంటావిడ బేరమాడి వెళ్లిపోతుంది, అన్నీ ఆమె నాలుక చివర ఉండేవి.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నే. పరదాలకు కడ్డీలు బిగించేది ఆమె భర్త కనుక ఆయన కడ్డీల బాబాయి. జుట్టు నెరిసినవాళ్లు కూడా "పిన్నీ" అంటూ వస్తుంటే మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత ఆలోచించుకుంది. వరస కలిపి పిలిచిన మనిషి బేరం దగ్గర మరీ బిగుసుకోలేడు. ఆ పిలుపును కూడా లాభంలోనే వేసుకుంది.

కొట్టు చిన్నదే. ముందు గల్లా బల్ల, దాని వెనకే పొడుగాటి కోత బల్ల, గోడ వారన రెండు కుట్టుమిషన్లు, మిగిలిన చోటంతా తానులు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని అత్తగారు పరదాలకు రింగులు కుట్టేవారు. ఆవిడ చేతిలో సూదీ, నోట్లో మాటా ఒకే వాడి. కొట్టు పెట్టింది మామగారు. ఆయన పోయాక పిన్ని దాన్ని రెండింతలు చేసిన సంగతి వీధికీ తెలుసు, అత్తగారికీ తెలుసు. వీధి మాత్రం ఆ మాట పైకి అనేది.

ఒక్క సరుకు దగ్గర పిన్ని లెక్క తప్పేది. అది పగటిపూట.

గల్లా దగ్గర నిలబడి ఎవరు "పిన్నీ, ఒక్క నిమిషం" అన్నా, ఆమె చేతిలోని కత్తెర అక్కడే పెట్టి వచ్చేసేది. ఫోను మోగితే సగం గీసిన సుద్దగీత సగంలోనే ఆగేది. ఒకరికి రంగు చూపిస్తూ ఇంకొకరికి ధర చెబుతూ, మూడోవాళ్ల ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తిరిగేది. "నీకు ఊపిరి తీసుకునే తీరికైనా ఉందా పిన్నీ?" అని ఎవరైనా అంటే లోలోపల మురిసిపోయేది. తీరిక లేదంటే గిరాకీ ఉన్నట్టే కదా అనుకునేది. సాయంత్రానికి కాళ్లు పీకేవి. కోత బల్ల మీద పొద్దున పరిచిన గుడ్డ పరిచినట్టే ఉండేది.

అందుకే ఆమె నోట "రేపు ఇచ్చేస్తాను" అన్న మాట ఎక్కువగా వచ్చేది. పిన్ని రేపు అంటే ఏ రేపో కూడా అడిగి రావాలని వీధిలో నవ్వుకునేవాళ్లు.

"మా కోడలు ఉన్న రేపులన్నీ ఎప్పుడో అమ్మేసింది. ఇప్పుడు అమ్మేవి ఎక్కణ్ణుంచి తెస్తుందో!" అనేవారు అత్తగారు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

అలాంటి రోజుల్లోనే నాటకశాల పెద్దాయన కొట్టు మెట్లెక్కాడు.

నాటకశాలకు కొత్త హంగులు చేస్తున్నారు. కుర్చీలు మార్చారు, దీపాలు మార్చారు, ఇక తెర మిగిలింది. పాత తెరకు ఏళ్ల తరబడి చిరుగులు కుట్టింది మామగారే. నిచ్చెన మీద నిలబడి, తెర విప్పకుండానే, అతుకు వేసినట్టు తెలియకుండా కుట్టేవారు. అతుక్కి పనికొచ్చిన చెయ్యి కొత్త తెరకు పనికిరాదా అని ఆయన ఇంట్లో ఒకటి రెండుసార్లు అనుకున్నారు కూడా. బయట ఎవరినీ అడగలేదు. అడగడం చేతకాని మనిషి.

"కొత్తది పెద్ద కంపెనీకి ఇద్దామన్నారమ్మా మావాళ్లు," అన్నాడు పెద్దాయన. "మీ మామగారి కుట్టు చూసినవాణ్ణి, నేను మీ పేరు చెప్పాను. నా మాట పోనీయకండి."

అత్తగారి చేతిలోని రింగు జారి, దొర్లుకుంటూ వెళ్లి కోత బల్ల కింద ఆగింది. ఆవిడ వంగి తీసుకోలేదు. కోడలి ముఖం వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఇస్తానండీ," అంది పిన్ని. ఆ మాట ఎంత బరువో తెలిసే అంది.

నిండు మెరూన్ రంగు ముఖమల్ వచ్చింది. ముఖమల్‌తో చిక్కు ఏమిటంటే దానికి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే పిల్లి వీపులా నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే చేతికి అడ్డుపడుతుంది. తెరలోని పట్టీలన్నిటిలో నూగు ఒకే దిక్కుకు ఉండాలి. ఒక్క పట్టీ తలకిందులైనా దీపం పడినప్పుడు అది వేరే రంగులా కనిపిస్తుంది. అందుకే ఆ కొట్టులో మామగారి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. పట్టీ కోయగానే, ఇంకో పని ముట్టుకోకముందే, వెనకవైపు నూగు దిక్కుకు సుద్దతో బాణం గీయాలి. బాణం చూసుకునే కుట్టాలి.

పిన్ని ఒక్కో పట్టీకీ కోయగానే బాణం గీస్తూ వచ్చింది. చివరి పట్టీ కత్తెర దాటి బల్ల మీద పడగానే ఫోను మోగింది. హోటల్ మేనేజరు. ఆయన హోటల్లో గదులెన్నో కిటికీలన్ని, కిటికీలెన్నో ఫిర్యాదులన్ని.

"పిన్నిగారూ, ఒక్క నిమిషం! పై అంతస్తు పరదాలు లేతగా ఉన్నాయంటున్నారు, ముదురు రంగులేమున్నాయి మీ దగ్గర?"

ఆమె తానుల దగ్గరికి వెళ్లి ఒక్కొక్క రంగూ చెప్పసాగింది. ఈలోగా బాబాయి కడ్డీలు కొలుచుకోవడానికి బల్ల కావలసివచ్చి, ఆ పట్టీని పద్ధతిగా మడిచి పక్కన పెట్టాడు. పిన్ని తిరిగి వచ్చి మడత విప్పింది, పైకొస కిందికి వచ్చిందని చూసుకోకుండా బాణం గీసింది. చేత్తో నిమిరి చూడలేదు. అప్పటికే గల్లా దగ్గర ఇంకెవరో పిలుస్తున్నారు.

కొట్టులోని ట్యూబులైటు కింద తెర ఒకే రంగు. నాటకశాలలో వేలాడదీసి, ముందు దీపాలు వేసేసరికి ఒక పక్క పట్టీ నిలువునా నల్లబడింది. మంచి చీరకు ఎవరో మసిచేతులు తుడిచినట్టు.

"ఇది వేరే గుడ్డా అమ్మా?" అన్నాడు పెద్దాయన మెల్లిగా.

"ఒకటే గుడ్డండీ. నా చెయ్యి తప్పింది."

ఆయన వెనకనున్న నాటకశాలవాళ్లు ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. పెద్ద కంపెనీవాళ్లు ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నారని ఒకాయన గాలికి చెప్పినట్టు చెప్పాడు.

పెద్దాయన పిన్నిని పక్కకు పిలిచాడు. "వారంలో మళ్లీ దీపాలు వేసి చూస్తాం. అప్పటికి ఒక్క రంగు కనబడాలి. లేదంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదమ్మా."

విప్పి తిప్పి కుడదామంటే ముఖమల్‌కు గుచ్చిన సూదిపోటు మానదు. పైనున్న కుచ్చుల గుర్తులు కిందికి వచ్చి జల్లెడలా కనబడతాయి. కొత్త పట్టీయే కోయాలి. గుడ్డ పంపిన వ్యాపారి దగ్గర అదే అద్దకంలో ఒకే ఒక్క ముక్క మిగిలింది. ఒక పట్టీకి సరిగ్గా సరిపోతుంది. ఇంకోసారి చెయ్యి తప్పితే మళ్లీ కొనడానికి గుడ్డే లేదు.

"నేనే మడిచాను. తప్పు నాదే," అన్నాడు బాబాయి, తెర దింపించి కొట్టుకు తెచ్చుకున్నాక.

"మీరు మడిచారు, నేను వదిలేసి వెళ్లాను. ఇందులో మీ వాటా పావలా ఉంటే ముప్పావలా నాదే. ఊరికే నా వాటా కూడా మీరెత్తుకోకండి."

"పోనీ కొట్టు మూశాక కోద్దామా? ఎవరూ రారు."

"దీపం వెలుతురులో ముఖమల్ మోసం చేస్తుందండీ. చూశాంగా! పగలే కోయాలి."

పగలే కోయాలని కూర్చుంది. మొదటి రోజు ముక్క పరిచేలోగా కొత్తగా ఇల్లు మారినవాళ్లు కుటుంబంతో సహా దిగారు. మర్నాడు చదును చేసి సుద్ద అందుకుంటే ఫోను. ఆ మర్నాడు అసలు మడత విప్పే అదనే దొరకలేదు. తప్పుతుందన్న భయంతో సగంలో ఉన్న గుడ్డను ప్రతిసారీ చుట్టి లోపల పెట్టేసేది. అత్తగారు రింగులు కుడుతూ ఆ చుట్ట వైపే చూసేవారు. ఆ చూపుకు పిన్నికి భయం ఇంకా పెరిగేది.

ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చి పూల గుడ్డ తాను తీయించింది. మొదటి మూరలు చూసి పెదవి విరిచింది.

"ఈ చివర మడత గుర్తు పడింది పిన్నీ. ఇంకా లోపలికి విప్పి, మధ్యలోంచి ఒక ముక్క కోసివ్వు. నాకు కావలసింది రెండు గజాలేగా!"

పిన్నికి కోపం నషాళానికి అంటింది. "తాను మధ్యలో కత్తెర పెట్టమంటారా? మీకు రెండు గజాలు సరే, ఆ తర్వాత అటు ముక్కా ఇటు ముక్కా నేనేం చేసుకోను? నిలువు పరదాకి చాలవు, పారేయడానికి మనసు రాదు! కోస్తే చివర్నుంచి కోస్తాను. లేదా కొయ్యను. రెండు గజాల కోసం తాను పాడుచేసుకునే వెర్రిదాన్నా నేను?"

ఆవిడ నోరు మూసుకుని చివర ముక్కే తీసుకుని వెళ్లింది. పిన్ని తాను చుట్టబోయి ఆగిపోయింది. కోత బల్ల కింద ముక్కల గంప ఉంది. కోతల్లో మిగిలిన పేలికలన్నీ అందులోనే పడేవి. ఆ గంపను కాలితో ముందుకు లాగి అలాగే చూస్తూ నిలబడింది. ఇందులోని గుడ్డంతా కలిపి కొలిస్తే ఇంటి కిటికీలన్నిటికీ సరిపోతుంది. కానీ దీనితో ఒక్క పరదా కాదు.

తన పగలు కూడా తక్కువేం కాదు. కలిపితే కావలసినంత ఉంది. వచ్చినవాళ్లందరికీ మధ్యలోంచి కోసి ఇచ్చింది, అంతే. గుడ్డైతే కొనేవాళ్లలో ఒక్కరిని కూడా అలా చేయనివ్వలేదు. పొద్దును మాత్రం అడిగినవాడికల్లా, అదీ ఉచితంగా, మంచి భాగంలోంచి కోసి ఇచ్చి, తనకు గంప మిగుల్చుకుంది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంతకంటే తెలివితక్కువ బేరం ఆమె చేయలేదు.

"అత్తయ్యా, రేపట్నుంచి పొద్దునపూట గల్లా మీరు చూస్తారా?"

"నేనా? నా నోటికి వచ్చే గిరాకీ కూడా పోతుందన్నావుగా పోయిన ఏడు!"

"ఇప్పుడు నాకు కావలసింది ఆ నోరే."

అత్తగారు నవ్వు ఆపుకున్నారు. "మరి నువ్వో?"

"మధ్యాహ్నం దాకా నేను లేను. ఊళ్లోనే లేననుకోండి. భోజనం తర్వాత ఎవరికైనా, ఏదైనా, ఎంతసేపైనా."

అంతేకాదు, బాబాయి చేత గల్లా బల్లకూ కోత బల్లకూ మధ్య పైన ఒక కడ్డీ బిగించింది. దానికి మందపాటి నీలం పరదా తగిలించింది. ఊరందరి కిటికీలకూ పరదాలు కట్టిన కొట్టులో అంతవరకూ ఒక్క పరదా లేదని అప్పుడు తట్టింది ముగ్గురికీ. బాబాయి నిచ్చెన మీదే కూర్చుని నవ్వాడు. ఫోను కూడా అత్తగారి ఒళ్లోకి చేరింది.

మర్నాడు పొద్దున పరదా మూసి, పిన్ని ముఖమల్ పరిచింది. కిటికీ వెలుతురు నూగు మీద పడి పాకుతోంది. నిమిరింది. మళ్లీ నిమిరింది. చాలా కాలం తర్వాత చేతికీ గుడ్డకీ మధ్య ఎవరూ లేరు. సుద్దగీత గీసి కత్తెర పెట్టిందో లేదో, అవతల హోటల్ మేనేజరు గొంతు వినిపించింది.

"పిన్నిగారేరీ? ఒక్క నిమిషం పిలవండి."

"లేదు బాబూ."

"లేకపోవడమేంటండీ, కత్తెర చప్పుడు వినిపిస్తుంటే!"

"కత్తెర ఉంది. పిన్ని లేదు. మధ్యాహ్నం వస్తుంది."

"మామ్మగారూ, నేను ఈ కొట్టుకి పెద్ద గిరాకీని. తెలుసా మీకు?"

"తెలుసు బాబూ. నీ పరదాలకి రింగులు కుట్టి కుట్టి నా వేళ్లు కాయలు కాశాయి. నీ పేరు చెబితే నాకంటే ముందు నా వేళ్లే గుర్తుపడతాయి."

"నాకు అర్జెంటండీ! ఇలాగైతే ఇంకో కొట్టు చూసుకుంటాను."

కత్తెర పట్టీ సగంలో ఉంది. పిన్ని చెయ్యి ఆగింది. హోటల్ గిరాకీ పోతే తగిలే దెబ్బ ఎంతో ఆమెకు వేళ్ల మీద లెక్క. రెండడుగులు వేసి పరదా తొలగిస్తే చాలు, ఆయన మెత్తబడతాడు. ఇన్నాళ్లూ చేసింది అదే. ఆమె కళ్లు గుడ్డ మీదికి వెళ్లాయి. కోసిన భాగం ఒకవైపు, కోయవలసింది ఒకవైపు, మధ్యలో కత్తెర. ఈ ముక్కకు రెండోది లేదు.

కత్తెర ముందుకు కదిలింది.

బయట మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు వినబడింది. అత్తగారు పరదా వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు అన్నారు. "పోయాడు. మధ్యాహ్నం భోజనం అవగానే నువ్వే వస్తావని చెప్పాను. వెళ్తావుగా?"

"వెళ్తాను."

పట్టీ తెగి బల్ల మీద పడగానే, ఇంకో పని ముట్టుకోకముందే, ఆమె బాణం గీసింది. ఆ తర్వాత నిమిరి చూసుకుంది. నున్నగా పోయింది. కుట్టు కూడా ఆ పూటే వేసింది. మిషను మీద అంత పొడుగు కుట్టు ఆగకుండా వేసి ఎన్నాళ్లయిందో ఆమెకు జ్ఞాపకం రాలేదు. మునుపు మూడు రోజులు తినే పని ఒక్క పూటలో అయిపోయింది. ఆ తేడా అంతా ఇన్నాళ్లూ ఎవరి ఖాతాలోకి పోయిందా అని కాసేపు కడుపు మండింది కూడా.

భోజనం అవగానే రంగుల కట్ట చంకన పెట్టుకుని హోటల్‌కు నడిచింది. మేనేజరు ముఖం ముటముటలాడుతూనే ఉంది. ఆమె వచ్చిన వేళ చూసి ఆ ముఖం కొంచెం సడలింది.

"నిజంగానే వచ్చారే!"

"వస్తానని చెప్పించానుగా."

"చెప్పడం మీరు ఎప్పుడూ చెబుతారు. చెప్పిన వేళకి రావడమే ఇది మొదటిసారి." ఆయన కుర్చీ చూపించాడు. "పక్క వీధి కొట్టుకి వెళ్లానండీ. అతను పిలవగానే వచ్చాడు, అన్నిటికీ సరేనన్నాడు. అచ్చం మీలాగే అనిపించి భయమేసి వచ్చేశాను."

పిన్నికి చివుక్కుమంది. ఆ వెంటనే నవ్వొచ్చింది. రంగుల కట్ట విప్పి, తొందరపడకుండా, ఆయన గదులన్నీ తిరిగి చూసింది. ఏ రోజు ఇస్తుందో చెప్పింది. ఆ రోజే ఇచ్చింది.

కొట్టులో సణుగుడు కొన్నాళ్లు నడిచింది. పొద్దున్నే వచ్చినవాళ్లు నీలం పరదా చూసి, పిన్నికి గొప్పలొచ్చాయనీ, లోపల నిద్రపోతోందనీ అన్నారు. అత్తగారు ఒక్కొక్కళ్లకూ తగిన జవాబు తగిన కారంతో ఇచ్చేవారు. పాడైన ముఖమల్ పట్టీ వృథా పోలేదు. దానితో పిన్ని గల్లా ముందు గిరాకీలు కూర్చునే బల్లకు మెత్తలు కుట్టింది. అంత మెత్తని ఆసనం మీద కూర్చున్నాక మధ్యాహ్నం దాకా ఆగమంటే ఎవరికీ మరీ కోపం రాలేదు. కొందరు ఆ మెరూన్ గుడ్డ బాగుందని అడిగి, వేరే పరదాలు పురమాయించి వెళ్లారు.

వారం తిరక్కముందే నాటకశాలలో మళ్లీ దీపాలు వేశారు. పెద్దాయన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, మెట్లు దిగి వెనక వరసలోకి వెళ్లి చూశాడు. వెనకనున్న ఇద్దరూ కూడా నడిచారు. గాలికి చెప్పే ఆయన ఆ రోజు గాలికి ఏమీ చెప్పలేదు.

"ఏ పట్టీ మార్చారమ్మా?" అన్నాడు పెద్దాయన.

"మీరే చెప్పండి."

ఆయన ఇంకోసారి చూసి, చెప్పలేక, హాయిగా నవ్వేశాడు.

మొదటి నాటకం రోజు ముగ్గురికీ ముందు వరసలో చోటిచ్చారు. అత్తగారు బీరువాలోంచి మంచి చీర తీసి కట్టుకున్నారు. బాబాయి కడ్డీ ఎక్కడైనా వంగిందేమోనని మెడ సాచి పైకే చూస్తున్నాడు. హాలులో దీపాలు ఆరి, వేదిక ముందు దీపాలు వెలిగాయి. మెరూన్ ముఖమల్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే రంగుగా, కుచ్చు కుచ్చులో వెలుగు నింపుకుని నిలబడింది.

వెనక వరసలో ఒకావిడ విసుక్కుంది. "ఇంకెప్పుడు తీస్తారో ఈ తెర!"

పిన్ని వెనక్కి తిరిగింది. "కాసేపు ఉండనివ్వండి, తొందరేముంది? బాగానే ఉందిగా!"

బాబాయి ఆమె మోచేయి గిల్లాడు. అత్తగారు మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

"మీ మామగారు అతుకులు వేశారు," అన్నారు ఆవిడ. "నువ్వు తెర వేశావు. ఆ మనిషి ఉంటే ఈపాటికి నిచ్చెన తెమ్మని లేచేవారు, వెనకవైపు బాణాలు చూడ్డానికి."

ఈ కొట్టు చేతికొచ్చిన ఇన్నేళ్లలో చేసిన లాభాలన్నీ ఒక పళ్లెంలో వేసి, ఆ మాట ఒక్కటీ ఇంకో పళ్లెంలో వేస్తే, తక్కెడ ఎటు దిగుతుందో పిన్నికి తూచకుండానే తెలుసు.

వెనకావిడ ఆమె భుజం తట్టింది. "మీరు పరదాల పిన్ని కదూ? ఇందాక గుర్తుపట్టలేదు. ఒక్క నిమిషం పిన్నీ, మా వంటింటి కిటికీకి..."

"రేపు మధ్యాహ్నం రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

"ఏ రేపు?" అంది ఆవిడ, నవ్వుతూ.

"రేపే," అంది పిన్ని.

తెర మధ్యలో విడిపోయి, రెండు పక్కలకూ నున్నగా జారింది.